ట్యాబ్ తెరిచే ముందు

ప్రియమైన సుధాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. పాప చదువుకునే ట్యాబ్‌కు చార్జింగ్ ఎక్కడం లేదని, దుకాణానికి ఇవ్వకుండా నువ్వే చార్జింగ్ జాక్ (కేబుల్ గుచ్చే రంధ్రం) మార్చాలనుకుంటున్నావని, ముందుగా నాన్నగారి పాత ఫోన్ విప్పి చేయి అలవాటు చేసుకుంటానని రాశావు. నీ ఉత్సాహం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు లోపం అసలు ఎక్కడుందో తేల్చుకోవాలి.

మొదట వేరే కేబుల్, వేరే అడాప్టర్ పెట్టి చూడు. అప్పటికీ ఎక్కకపోతే ట్యాబ్‌ను పూర్తిగా ఆఫ్ చేసి, జాక్‌లోకి టార్చి వేసి చూడు. సంచుల్లో, జేబుల్లో తిరిగే పరికరాల జాక్‌లోకి నూలుపోగులు, దుమ్ము చేరుతాయి. కేబుల్ గుచ్చిన ప్రతిసారీ అవి లోపలికి అణిగి, చివరికి అడుగున బూడిదరంగు అట్టముక్కలా గట్టిపడతాయి. అప్పుడు కేబుల్ చివరిదాకా దిగదు, కాస్త కదిలితే చాలు చార్జింగ్ ఆగిపోతుంది. సన్నని చెక్క టూత్‌పిక్‌ను గోడ పక్కగా దించి, ఆ పేరుకున్నదాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగు. టైప్-సి జాక్ మధ్యనుండే పలుచని పట్టీ మీదే కాంటాక్టులన్నీ ఉంటాయి కనుక దాని మీద ఏమాత్రం ఒత్తిడి పడకూడదు. పిన్నీసు, సూది ముట్టుకోవద్దు. నోటితో ఊదితే తేమ చేరుతుంది కనుక అదీ వద్దు. చాలాసార్లు పని ఇక్కడితోనే పూర్తవుతుంది.

శుభ్రం చేసినా ఫలితం లేకపోతేనే తెరవాలి. తెరిచే ముందు పాప పాఠాలు, ఫోటోలు వేరేచోట భద్రపరచు. బ్యాటరీ చార్జింగ్ ఇరవై అయిదు శాతం కంటే తక్కువ ఉండగానే పని మొదలుపెట్టు. కొన్ని ట్యాబ్‌లలో చార్జింగ్ జాక్ విడిగా ఒక చిన్న సబ్‌బోర్డు, అంటే చిన్న సర్క్యూట్ పలక మీద ఉంటుంది. ఆ బోర్డును మార్చడం ఓపిక ఉన్నవారెవరికైనా సాధ్యమే. జాక్‌ను నేరుగా మదర్‌బోర్డుకు, అంటే ప్రధాన సర్క్యూట్ పలకకు సోల్డరింగ్ చేసి ఉంటే మాత్రం, హాట్ ఎయిర్ గన్ మీద చేయి తిరిగినవారికే అప్పగించు. లోపల అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ పనిముట్టుతో విడదీయాలి. ఆ తరువాతే భాగాలను కలిపే మిగతా పలుచని రిబ్బన్ కేబుళ్ల జోలికి వెళ్లాలి. కాగితం మీద ట్యాబ్ బొమ్మ గీసి, తీసిన ప్రతి స్క్రూను దాని చోటులోనే టేపుతో అంటించు. చూడటానికి ఒకేలా ఉన్నా వాటి పొడవులు వేరు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవుది బిగిస్తే అది బోర్డులోకి దిగి లోపలి పొరలను తెంపేస్తుంది.

ఇక నాన్నగారి ఫోన్ మీద అభ్యాసం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. దాని వెనుక ప్యానెల్ తనంతట తానే లేచి, బల్ల మీద పెడితే ఊగుతోందని రాశావే, అది జిగురు ఊడటం కాకపోవచ్చు, బ్యాటరీ ఉబ్బిన లక్షణం కావచ్చు. లిథియం అయాన్ బ్యాటరీ పాడవుతున్నప్పుడు లోపల వాయువు పుట్టి, సంచీలాంటి దాని పైకవరును ఉబ్బిస్తుంది. దాన్ని నొక్కినా, వంచినా, మొనదేలిన పనిముట్టు తగిలినా లోపలి పొరలు ఒకదానికొకటి తాకి క్షణాల్లో మంట లేవవచ్చు. ఇప్పుడే ఆఫ్ చేసి, చార్జింగుకు మళ్లీ పెట్టకుండా, మండే వస్తువులకు దూరంగా ఉంచు. చెత్తబుట్టలో మాత్రం వేయవద్దు. సర్వీసు సెంటరుకు ఫోన్ చేసి, బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పి తీసుకువెళ్లు.

తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టవచ్చా అని అడిగావు. వద్దు. బియ్యపు నూక, పొడి జాక్‌లో ఇరుక్కుంటాయి. ఆపిల్ సంస్థ కూడా తన సూచనల్లో వద్దనే చెబుతోంది. ఆఫ్ చేసి, గాలి ఆడేచోట ఆరనివ్వు.

విడిభాగాల ధరలు, వారంటీ వివరాలు ఒకేచోట దొరకాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ ప్రారంభించింది. మీ ట్యాబ్ కంపెనీ అందులో ఉందేమో చూడు. లేకపోతే నేను హైదరాబాద్ అబిడ్స్ వెళ్లినప్పుడు అక్కడి మొబైల్ దుకాణాల జగదీశ్ మార్కెట్‌లో విచారిస్తాను. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ కింద కనిపించే మోడల్ నంబరును చివరి అక్షరంతో సహా రాసి పంపు. ఒకే పేరుతో అమ్మే ట్యాబ్‌లలో కూడా సబ్‌బోర్డులు వేరుగా ఉంటాయి.

ఇట్లు,
నీ రఘు