వైరస్ సోకినంత మాత్రాన సీలియాక్ ఖాయం కాదు

సంపాదకులకు నమస్కారం. చిన్నప్పుడు వైరస్ సోకితే తర్వాత సీలియాక్ అనే పేగు జబ్బు వస్తుందన్న మాట విని, మొన్నీమధ్యే పిల్లలు వాంతులు, విరేచనాలతో అల్లాడిన ఇళ్లలో లేనిపోని టెన్షన్ పట్టుకుంది. మాట పూర్తిగా అబద్ధమేమీ కాదు, కానీ సగమే చెబుతున్నారు.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్‌ను శరీరం శత్రువుగా చూసి, చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీసుకోవడమే సీలియాక్. ఇది రావాలంటే హెచ్‌ఎల్‌ఏ డీక్యూ2 లేదా డీక్యూ8 జన్యువు దాదాపు తప్పనిసరి, అయితే ఆ జన్యువులున్న వాళ్లలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు. మరి కొందరికే ఎందుకు? అక్కడే వైరస్‌ల మీద అనుమానం. 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధనలో, మామూలుగా పెద్ద హాని చెయ్యని రియోవైరస్ కూడా ఎలుకల్లో గ్లూటెన్‌ను ఆహారంగా ఒప్పుకునే గుణాన్ని చెడగొట్టింది. 2019లో వెలువడిన నార్వే అధ్యయనంలో పిల్లల మలం నమూనాలు చూస్తే, తర్వాత సీలియాక్ వచ్చినవాళ్లలో ఎంటెరోవైరస్‌లు కాస్త ఎక్కువ కనిపించాయి, అడెనోవైరస్‌ల విషయంలో ఆ తేడా లేదు. అయినా సంబంధం కనబడటం వేరు, అదే కారణమని తేలడం వేరు.

నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. భయపడి ముందే పిల్లలకు గోధుమ మాన్పించేసి, ఆ తర్వాత తీరిగ్గా రక్తపరీక్షకు తీసుకెళ్తున్నారు. గ్లూటెన్ తింటూ ఉండగా చేస్తేనే సీలియాక్‌ను పట్టే టీటీజీ అనే ఈ రక్తపరీక్ష సరిగ్గా తేలుతుంది, మానేశాక చేస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు. మీ ఆరోగ్య పేజీలో ఈ ఒక్క ముక్క కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి.

- ఒక పాఠకుడు