వార్షిక నివేదిక: నడక, బరువులు, గోడకుర్చీ

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, వినాయక చవితి పందిరి, ఇంకుడు గుంతల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం. ఈసారి చెప్పుకోవాల్సింది ఆదివారం బీపీ శిబిరాల గురించే.

మొదటి శిబిరంలో చాలామందికి బీపీ ఎక్కువ చూపించేసరికి కంగారుపడ్డాం. తీరా చూస్తే తప్పు మనదే. మెట్లెక్కి వచ్చినవాళ్లకు వచ్చినట్టే, టీ గ్లాసు చేతిలో ఉండగానే పట్టీ చుట్టేశాం. ఆ తర్వాత ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి రెండేసి సార్లు చూశాం. కొందరి టెన్షన్ అక్కడే తీరిపోయింది.

పైఅంకె 140 దాటీ దాటనట్టున్న వాళ్లకు డాక్టరుగారు ఉప్పు తగ్గించి వ్యాయామం మొదలుపెట్టమన్నారు. ఏ వ్యాయామం? నడక బృందానికీ జిమ్ కుర్రాళ్లకీ కమ్యూనిటీ హాల్లో పెద్ద వాదనే నడిచింది. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో 270 ప్రయోగాలను కలిపి లెక్కగట్టిన విశ్లేషణ ఒకటి వచ్చింది. దాన్ని చదివి వినిపించాక ఇరుపక్షాలూ చల్లబడ్డాయి. నడక, పరుగు, సైకిల్ లాంటివి పైఅంకెను సగటున 4.5 పాయింట్లు తగ్గించాయి. బరువులెత్తడమూ దాదాపు అంతే. రెండూ కలిపి చేస్తే 6. కదలకుండా కండరం బిగించి ఉంచేవి మాత్రం 8 పైచిలుకు తగ్గించాయి. వాటిలో ముందున్నది, చిన్నప్పుడు మాస్టారు వేయించిన గోడకుర్చీ! అల్లరి చేసినవాళ్లకే అప్పట్లో ఆ భాగ్యం దక్కేది.

రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో కాస్త విశ్రాంతి, వారానికి మూడు రోజులు: ఇదీ పద్ధతి. ఊపిరి బిగబట్టకూడదు, బిగబడితే ఆ కాసేపు బీపీ ఎగబాకుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దలను ఇందులోకి లాగలేదు.

అలాగని నడక మానమని కాదు. గోడకుర్చీ లాంటివాటిపై జరిగిన ప్రయోగాలు నడకపై జరిగినవాటి కంటే బాగా తక్కువ. పైగా షుగరుకీ బరువుకీ నడక అక్కరకొస్తుంది. అందుకే వారానికి 150 నిమిషాల చురుకైన నడకను అలాగే ఉంచి, దీన్ని దానికి జతచేశాం. ఒకాయన రెండు వారాలు నడిచి, తనంతట తనే మాత్రలు మానేసి, పెరిగిన అంకెలతో మళ్లీ శిబిరానికొచ్చారు. డాక్టరును అడగకుండా దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

హాలు వెనక గోడ నిండా చెమట మరకలు పడ్డాయి. రంగు ఖర్చు వచ్చే బడ్జెట్లో చూపిస్తాం.

ఇట్లు,
కార్యదర్శి