సరకు విమాన పైలట్లు జీతంతో పాటు అడగవలసినవి

సంపాదకులకు,

నమస్కారం. సరకు రవాణా విమానాల పైలట్ కొలువుల గురించి మీ పత్రిక ఉద్యోగ సమాచార పుటలో వచ్చిన వ్యాసం చదివాను. ఏ సంస్థ ఎంత జీతం ఇస్తుంది, చేరినప్పుడు ఇచ్చే బోనస్ ఎంత, ఎన్నేళ్లకు కెప్టెన్ కావచ్చు అన్న వివరాలు అందులో ఉన్నాయి. శిక్షణ పూర్తి చేసుకుని ఉద్యోగం కోసం చూస్తున్నవారికి అవి తప్పకుండా ఉపయోగపడతాయి. అయితే ఏళ్ల తరబడి రాత్రిపూట సరకు విమానాలు నడిపి, తరవాత కొత్తవాళ్లకు సిమ్యులేటర్‌లో శిక్షణ ఇచ్చినవాడిగా, ఆ వ్యాసం తడమని విషయం ఒకటి చెప్పాలనుకుంటున్నాను. అలసిపోయాను, ఈ రాత్రి నడపలేనని చెప్పిన పైలట్‌తో ఆ సంస్థ ఎలా వ్యవహరిస్తుంది? సరకు ఇలా కడితే విమానం కదిలించనని చెప్పిన కెప్టెన్‌కు మర్నాడు ఎలాంటి ఫోన్ వస్తుంది? జీతాలను పోల్చి చూసుకోవడానికి ముందే ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలుసుకోవాలన్నది నా గట్టి నమ్మకం.

జీతం ముఖ్యం కాదని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. పైలట్ శిక్షణ ఖర్చు చాలా కుటుంబాలకు ఏళ్ల తరబడి తీర్చుకోవలసిన అప్పు. ఆ అప్పు నెత్తిన ఉన్నవారికి డబ్బు చూసుకోవద్దని బోధించే హక్కు నాకు లేదు. పైగా మంచి జీతం కూడా సంస్థ తన పైలట్లకు ఇచ్చే గౌరవంలో భాగమే. ‘మనమంతా ఒకే కుటుంబం’ అంటూ తక్కువ జీతానికి ఒప్పించే సంస్థలను కూడా నేను చూశాను. సరకు తగ్గి ఖర్చులు కోసే రోజు రాగానే ఆ ఆప్యాయత ముందుగా మాయమయింది. సంస్కృతి పేరు చెప్పి జీతం వదులుకోమని నేను అనను. జీతాన్ని ఎంత శ్రద్ధగా విచారిస్తారో, పని పద్ధతిని కూడా అంత శ్రద్ధగా విచారించమంటాను.

ఆ శ్రద్ధ చేరకముందే ఎందుకు కావాలంటే, ఈ వృత్తిలో ఒక సంస్థను వదిలి మరో సంస్థకు వెళ్లడం చాలా ఖరీదైన వ్యవహారం. పెద్ద విమాన సంస్థల్లో చాలావాటిలో అన్నీ సీనియారిటీ జాబితాను బట్టే నడుస్తాయి. ఏ విమానం నడపాలి, ఏ ఊరు బేస్‌గా (డ్యూటీ మొదలయ్యే చోటుగా) దొరుకుతుంది, నెల రోస్టర్‌లో (డ్యూటీల పట్టికలో) ఏ వరస ఎంచుకోవచ్చు, సెలవు ఎప్పుడు వస్తుంది, కెప్టెన్ ఎప్పుడవుతారు, పని తగ్గితే ముందుగా ఎవరిని ఇంటికి పంపుతారు అన్నవన్నీ చేరిన తేదీ మీదే ఆధారపడతాయి. ఎంత అనుభవమున్న కెప్టెన్ అయినా అలాంటి మరో సంస్థకు మారితే జాబితాలో అట్టడుగున, సాధారణంగా ఫస్ట్ ఆఫీసర్‌గా (కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్‌గా), మొదటి ఏడాది జీతంతో మళ్లీ మొదలుపెట్టాలి. దీనికి శిక్షణ బాండు, నోటీసు గడువు, తిరిగి చెల్లించవలసిన బోనస్ తోడైతే, సంస్థ నచ్చలేదని తెలిసిన తరవాత కూడా బయటపడే దారి ఏటేటా ఇరుకవుతుంది. నచ్చని చోట ఇరవై ఏళ్లు గడిపి విసిగిపోయిన కెప్టెన్లతో నేను పనిచేశాను. వారిలో కొందరు మంచి పైలట్లు. ఆ విసుగు కాక్‌పిట్‌లో పక్కనున్న కుర్రవాడి మీదికి ఎలా మళ్లుతుందో కూడా చూశాను.

ఇక పని సంగతి. సరకు విమానాలు, ముఖ్యంగా ఎక్స్‌ప్రెస్ పార్శిళ్లు మోసేవి, చాలావరకు రాత్రి తిరుగుతాయి. సాయంత్రం సేకరించిన పార్శిళ్లు అర్ధరాత్రికల్లా అమెరికాలోని మెంఫిస్, లూయీవిల్, జర్మనీలోని లైప్‌జిగ్ వంటి కేంద్రాలకు చేరాలి. అక్కడ వేరుచేసి, మళ్లీ ఎక్కించి, తెల్లవారేలోగా గమ్యాలకు పంపాలి. అంటే మనిషి శరీరం బాగా మందగించే రాత్రి 2 నుంచి 6 గంటల మధ్య వేళలోనే పైలట్ రెండోసారి టేకాఫ్ చేసి, అప్రోచ్ (రన్‌వే వైపు దిగుతూ వచ్చే దశ) కట్టి, దిగాలి. పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. దాని నిడివీ తక్కువే, లోతూ తక్కువే. వరసగా మూడు నాలుగు రాత్రులయ్యేసరికి ఆ లోటు పేరుకుంటుంది. దీన్ని ఎంత జీతమూ తీర్చలేదు. మంచి రోస్టర్, కేంద్రంలో పడుకోవడానికి నిశ్శబ్దమైన గది, అలసట నివేదికను చిత్తశుద్ధితో చదివే విభాగం ఉంటే కొంతవరకు తీరుతుంది.

అన్నిచోట్లా ఈ రక్షణ చట్టం నుంచే వస్తుందని అనుకోనవసరం లేదు. 2009లో అమెరికాలోని బఫెలో దగ్గర ఒక ప్రయాణికుల విమానం కూలి 50 మంది మరణించిన తరవాత అక్కడి ప్రభుత్వం పైలట్ల పని గంటలు, విశ్రాంతి నియమాలను కొత్తగా రాసింది. అవి 2014 జనవరిలో అమల్లోకి వచ్చాయి. కానీ ప్రయోజనం కంటే ఖర్చు ఎక్కువన్న లెక్కతో సరకు సంస్థలను వాటి నుంచి మినహాయించారు. ఇష్టమున్న సంస్థ స్వచ్ఛందంగా పాటించవచ్చని మాత్రం అన్నారు. అదే ఆకాశం, అదే రన్‌వే, అదే రాత్రి. వెనక సీట్లున్నాయా, పెట్టెలున్నాయా అన్న దాన్ని బట్టి పైలట్ నిద్ర విలువ మారింది. ఈ తేడాను నేను ఇప్పటికీ జీర్ణించుకోలేను.

ఆ నియమాలు అమల్లోకి రావడానికి కొన్ని నెలల ముందు, 2013 ఆగస్టు 14 తెల్లవారుజామున, అమెరికాలోనే లూయీవిల్ నుంచి బర్మింగ్‌హామ్ వెళ్తున్న, యూపీఎస్ అనే పార్శిల్ సంస్థకు చెందిన ఎయిర్‌బస్ ఏ300 సరకు విమానం రన్‌వేకు చేరకముందే నేలను తాకి కూలిపోయింది. ఇద్దరు పైలట్లూ మరణించారు. సరిగా కుదుటపడని అప్రోచ్‌ను కొనసాగించడం, ఎత్తును గమనించకపోవడం ప్రధాన కారణాలని దర్యాప్తు తేల్చింది. ఫస్ట్ ఆఫీసర్ అలసట కూడా దానికి తోడయిందని చెప్పింది. డ్యూటీ లేని సమయాన్ని ఆమె విశ్రాంతికి సరిగా వాడుకోలేదని కూడా ఆ నివేదిక నిర్మొహమాటంగా రాసింది కాబట్టి, నెపమంతా సంస్థ మీదికి నెట్టడం న్యాయం కాదు. అయితే ఆ రాత్రి బయలుదేరక ముందు ఆ ఇద్దరూ తమ అలసట గురించి, ప్రయాణికుల విమానాల పైలట్లకు ఒక నియమం, తమకు మరో నియమం ఉండడం గురించి మాట్లాడుకున్న మాటలు కాక్‌పిట్ రికార్డర్‌లో ఉన్నాయి. అలసిపోయామని తెలిసి కూడా మనిషి ఎందుకు విమానం ఎక్కుతాడన్నది నన్ను వెంటాడే ప్రశ్న. నేను చూసినంతలో దానికి జవాబు ధైర్యంలో కాదు, అలవాటులో ఉంటుంది. అలసట కారణంగా తప్పుకున్నవారి జీతం కోస్తారని, అనారోగ్య సెలవులో జమకడతారని, చీఫ్ పైలట్ పిలిచి వివరణ అడుగుతారని తెలిసిన చోట పైలట్లు నడపలేమని ఫోన్ చేయరు. అలాంటి ఫోన్‌ను మామూలు విషయంగా తీసుకుని, రిజర్వ్ పైలట్‌ను పిలిచి, ఆ రోస్టర్‌లో లోపమేమిటో మర్నాడు చూసుకునే చోట చేస్తారు.

ఇంకా పాతదైన మరో ప్రమాదం ఈ విషయాన్ని మరింత తేటగా చూపిస్తుంది. 1993 ఆగస్టు 18న క్యూబాలోని గ్వాంటనామో బే స్థావరంలో దిగుతూ ఒక డీసీ-8 సరకు విమానం కూలింది. ముగ్గురు సిబ్బందీ తీవ్ర గాయాలతో బయటపడ్డారు. రాత్రంతా పనిచేసి డ్యూటీ ముగించుకున్న వారిని మళ్లీ పిలిచి ఆ ప్రయాణం అప్పగించారు. ప్రమాదం నాటికి కెప్టెన్ దాదాపు రోజంతా నిద్ర లేకుండా ఉన్నాడు. సరకు దించాక ఖాళీ విమానాన్ని వెనక్కు తీసుకురావడం పని గంటల పరిమితుల లెక్కలోకి రాదు కాబట్టి ఆ డ్యూటీ కాగితం మీద నియమబద్ధంగానే ఉంది. చట్టం అనుమతించిన దాన్నంతా వాడుకునే సంస్థకూ, చట్టం అనుమతించినా మనిషిని చూసి ఆగే సంస్థకూ మధ్య తేడా సరిగ్గా ఇలాంటి రోజునే బయటపడుతుంది.

సరకు విషయంలో కూడా అంతే. 2013 ఏప్రిల్ 29న అఫ్గానిస్థాన్‌లోని బగ్రామ్ నుంచి బయలుదేరిన బోయింగ్ 747 సరకు విమానంలో బరువైన సైనిక వాహనాల్లో కనీసం ఒకటి కట్లు తెంచుకుని వెనక్కు కదలడంతో అది కూలి, అందులోని ఏడుగురూ మరణించారు. అంతకు ముందు ప్రయాణంలోనే పట్టీ తెగినట్టు, సరకు కదిలినట్టు సిబ్బంది బగ్రామ్‌లో ఉండగా మాట్లాడుకున్నారు. అలాంటి ప్రత్యేక సరకును కట్టే విషయంలో సంస్థ పద్ధతులే సరిగా లేవని దర్యాప్తు తేల్చింది. మరోవైపు, 2016 ఏప్రిల్ 1 నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం అయాన్ బ్యాటరీలను పరికరాలతో కాకుండా విడిగా సరకుగా పంపడం అంతర్జాతీయంగా నిషిద్ధం. వాయుమార్గంలో వెళ్లవలసిన అవి ఇప్పుడు సరకు విమానాల్లోనే వెళ్తాయి. 2010 సెప్టెంబరులో దుబాయ్‌లో బ్యాటరీలున్న సరకుకు మంటలంటుకుని ఒక 747 కూలి ఇద్దరు పైలట్లు మరణించిన ప్రమాదంలో, ప్రమాదకర సరకుగా ప్రకటించకుండానే కొన్ని బ్యాటరీలు ఎక్కినట్టు తేలింది. వెనక ఏముందో తనిఖీ చేసి, అనుమానం వస్తే ఖాతాదారుకు ఎదురు చెప్పగల గ్రౌండ్ సిబ్బంది ఉన్న సంస్థలో పనిచేయడం పైలట్‌కు జీతం పట్టీలో కనపడని జీతం.

ఇంతకీ కనపడే జీతాన్నయినా సరిగా చదువుతున్నామా అన్నది నా మరో సందేహం. గంటకు ఇంత అని చెప్పే మొత్తం ఒక్కటే చాలదు. నెలకు ఎన్ని గంటలకు కనీస హామీ ఉంది? ప్రయాణికుడిగా మరో ఊరికి వెళ్లి డ్యూటీ అందుకునే రోజుకు డబ్బు ఇస్తారా? ఇంటి నుంచి బేస్‌కు ప్రయాణం ఎవరి ఖర్చు, ఎవరి సెలవు రోజు? వైద్య పరీక్షలో లైసెన్సు పోతే బీమా ఉందా? గంటకు ఎక్కువ ఇచ్చే సంస్థలో నెలకు పద్దెనిమిది రోజులు ఇంటికి దూరంగా ఉండవలసి వస్తే, తక్కువ ఇచ్చి పద్నాలుగు రోజులకే పని ముగించే సంస్థతో పోల్చడానికి రోజుకు లెక్క కట్టాలి. కాగితం మీద ఈ లెక్క వేసుకోకుండా ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టే యువకులను చూస్తే బాధ కలుగుతుంది.

సంస్థ సంస్కృతిని బయటి నుంచి తెలుసుకోవడం కష్టమే. ఇంటర్వ్యూ గదిలో చెప్పే మాటలు దాదాపు ప్రతి చోటా ఒకటే. అందుకే చేరి మూడు నుంచి ఐదేళ్లయిన లైన్ పైలట్లను (రోజువారీ విమానాలు నడిపేవారిని) వెతికి పట్టుకోవాలి. కొత్త మోజు తీరిపోయి, విసుగు ఇంకా ముదరని దశ అది. వారిని ‘సంస్థ ఎలా ఉంది’ అని అడిగితే లాభం లేదు. చివరిసారి అలసట వల్ల తప్పుకున్నదెప్పుడు, ఆ తరవాత ఏం జరిగింది అని అడగాలి. చెక్‌లో (నైపుణ్య పరీక్షలో) తప్పిన పైలట్‌కు మళ్లీ శిక్షణ ఇచ్చారా, లేక భయపెట్టారా అని అడగాలి. డ్యూటీ లేని రోజుల్లో ఎన్నిసార్లు ఫోన్ వస్తుంది, ఎత్తకపోతే ఏమవుతుంది, మరమ్మతు వాయిదా వేసిన విమానాన్ని కెప్టెన్ నిరాకరించడం ఎప్పుడైనా చూశారా అని అడగాలి. జవాబు కంటే ముందు వచ్చే మౌనం కూడా కొంత చెబుతుంది. ఒకరిద్దరి కోపాన్ని మొత్తం సంస్థకు అంటగట్టకూడదు; ఒకే సంస్థలో ఒక బేస్‌కూ మరో బేస్‌కూ, ఒక చీఫ్ పైలట్‌కూ మరొకరికీ తేడా ఉంటుంది, యాజమాన్యం మారితే అన్నీ మారవచ్చు. అయినా ఐదారుగురు ఒకే సంగతిని వేర్వేరు మాటల్లో చెబితే దాన్ని నమ్మాలి.

మంచి పని వాతావరణమున్న చిన్న సంస్థ ఒక్క ఖాతాదారు కాంట్రాక్టు పోగానే మూతపడితే ఏం చేయాలని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2020లో ప్రయాణికుల విమానాలు నేల మీద నిలిచిపోయి, వాటి అడుగు భాగంలో వెళ్లే సరకంతా ఆగిపోయినప్పుడు సరకు సంస్థలకు మునుపెన్నడూ లేనంత గిరాకీ వచ్చింది. ఆ విమానాలు తిరిగి ఎగరగానే అదీ చల్లబడింది. అందువల్ల సంస్థ ఆర్థిక స్థితి, దాని పని ఎంతమంది ఖాతాదారుల మీద ఆధారపడి ఉందన్నది కూడా విచారించవలసిందే. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తక్కువ జీతంతో అప్పు తీరక ఇల్లు గడవని పరిస్థితి ఉంటే ఎక్కువ ఇచ్చే చోట చేరడంలో తప్పు లేదు, బాండు గడువును మాత్రం తగ్గించుకోవాలి. రెండు జీతాలతోనూ ఇల్లు గడుస్తుందనుకుంటే, పైలట్ ‘కాదు’ అన్నప్పుడు వినే సంస్థనే ఎంచుకోవాలి.

పైలట్ శిక్షణ సంస్థలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఉద్యోగ మేళాలకు సంస్థల ప్రతినిధులను పిలుస్తున్నట్టే, సరకు విమానాలు నడుపుతున్న తమ పూర్వ విద్యార్థులను కూడా ఏడాదికోసారి పిలవాలి. ప్రతినిధులు లేని గదిలో, పేర్లు బయటికి రావన్న హామీతో, పైన రాసిన ప్రశ్నలను విద్యార్థులు వారిని నేరుగా అడిగే అవకాశం కల్పించాలి. దీనికి పెద్దగా ఖర్చు కూడా కాదు. అలాంటి సమావేశాలకు నాలాంటి విశ్రాంత కెప్టెన్లు చాలామంది పారితోషికం లేకుండానే వస్తారని నమ్మకంగా చెప్పగలను.

భవదీయుడు,
ఒక విశ్రాంత సరకు విమాన కెప్టెన్