దిక్కు తప్పుతున్న దిక్పాలకులు

సంపాదకులకు నమస్కారం.

పాత గుళ్ల జీర్ణోద్ధరణలో మూలవిరాట్టు మీద చూపే శ్రద్ధలో పదో వంతు కూడా గోడల మీద ఎనిమిది దిక్కులను కాచే దిక్పాలకులకు దక్కడం లేదు. ఊడదీసిన విగ్రహాన్ని ఏ గూడు ఖాళీగా ఉంటే అందులో పెట్టి సిమెంటు పూసేస్తున్నారు. ఇది చాలా బాధాకరం.

చేతులు, ఆయుధాలు విరిగిపోయిన విగ్రహాన్ని పోల్చుకోవాలంటే వాహనమే దారి. ఏనుగైతే ఇంద్రుడు, పొట్టేలైతే అగ్ని, జింక అయితే వాయువు. యముడి దున్నను నంది అనుకుని ఈశానుడని బోర్డు పెట్టేవాళ్లున్నారు. మూపురం చూస్తే చాలు: ఎద్దుకు ఉంటుంది, దున్నకు ఉండదు. మకరం కనబడగానే గంగ అనేయడమూ మామూలే. గంగ ద్వారబంధం అడుగున నిలబడుతుంది, ఎదుటి వైపు తాబేలు మీద యమున ఉంటుంది. వరుణుడి వాహనమూ మకరమే, కానీ ఆయన పాశం పట్టిన పురుషుడు, పడమటి వాడు. అసలు చిక్కు నిరృతి, కుబేరులతో. ఇద్దరికీ నరవాహనమే చెక్కిన గుళ్లున్నాయి. ఒకరి కత్తి, మరొకరి ధనపు సంచి అరిగిపోయాక, విగ్రహం నైరుతిలో ఉందా ఉత్తరాన ఉందా అన్నదొక్కటే ఆధారం. చోటు మార్చామా, అదీ పోయినట్టే.

దిక్పాలకులను చెక్కిన కప్పు ఫలకాలను విప్పేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. కింద నిలబడి పైకి తీసిన ఫొటోలో ఉత్తరం పైకి పెడితే తూర్పు ఎడమకు వస్తుంది. దాన్ని నేల ప్లానులా చదివి రాళ్లు అమర్చితే ఇంద్రుడు పడమటికి, వరుణుడు తూర్పుకి చేరతారు. ఫొటో అంచున దిక్కులు అప్పటికప్పుడే రాసుకోవాలి.

అలంపురంలో 7వ శతాబ్దం చివరి నాటి స్వర్గబ్రహ్మ ఆలయం గోడలు చూస్తే దిక్పాలకుల అమరిక తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం ముంపు నుంచి కాపాడిన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాళ్లు విప్పి తెచ్చి అలంపురంలోనే మళ్లీ నిలబెట్టారు. అంత పెద్ద పని చేయగలిగిన మనకు ఎనిమిది విగ్రహాలను ఎవరి చోట వారిని ఉంచడం కష్టమేమీ కాదు.

విగ్రహం వెనక, గూటి లోపల ఒకే నంబరు వేయాలి. ముఖం మీద వేయకూడదు. నేల ఎత్తు పెంచినప్పుడు గచ్చు కింద వాహనం కప్పబడిపోకుండా చూడాలి. ఎనామిల్ రంగు అసలు వద్దు: రాతిలోని తేమ బయటికి రాక, ఉప్పు పేరుకుని, రంగుతోపాటే చెక్కడం పెచ్చులుగా ఊడుతుంది. వైరు బ్రష్షు తగిలితే నగల గీతలు ముందు పోతాయి. మెత్తని బ్రష్షు, మంచినీళ్లు చాలు.

ఈ షరతులను జీర్ణోద్ధరణ టెండర్లలోనే చేర్చాలని దేవాదాయ, పురావస్తు అధికారులను కోరుతున్నాం.

ఇట్లు,
ఆలయ శిల్పాల అధ్యయనంలో ఉన్న కొందరు పాఠకులు, కర్నూలు