పేర్లు ఇవ్వడం కూడా చేతకాలేదా?

సంపాదకుడు గారికి,

2025లో జర్మనీలోని రైన్-రూర్ ప్రాంతంలో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో మన బ్యాడ్మింటన్ పిల్లలకు జరిగిన అన్యాయం గురించి మీ క్రీడల పేజీలో చదివి చాలా రోజులైంది. నాకంటే తెలిసినవాళ్ళు ఎవరైనా రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్నాను.

మిక్స్‌డ్ టీమ్ పోటీకి మన జట్టులో 12 మంది ఎంపికయ్యారు. జూలై 16న జరిగిన మేనేజర్ల సమావేశంలో ఆ 12 మంది పేర్లూ ఇవ్వాలి. జట్టు వెంట వెళ్ళిన అధికారులు చేయాల్సిన మొదటి పని అదే. ఇచ్చింది 6 పేర్లేనట! మిగతా ఆరుగురు సెలక్షన్లలో నెగ్గి, వీసా తెచ్చుకుని, విమానం ఎక్కి, దేశం జెర్సీ వేసుకుని కూడా కోర్టులో కాలు పెట్టలేకపోయారు. ఆడిన ఆరుగురు సెమీస్ దాకా వెళ్ళి, చైనీస్ తైపీ చేతిలో ఓడి, కాంస్యం తెచ్చారు. వాళ్ళకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొత్తం జట్టు అందుబాటులో ఉంటే ఆ పతకం రంగు ఏమయ్యేదో ఇప్పుడెవరు చెప్పగలరు?

పొరపాటు జరిగింది, విచారణ చేస్తాం అన్నారు అధికారులు. పిల్లలు షటిల్ నెట్‌కు కొడితే అది పొరపాటు. చేతిలో ఉన్న కాగితం మీది పేర్లు చదివి ఇవ్వకపోవడాన్ని ఏమనాలి? ఈ పోటీలకు జట్లను పంపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం. 1925లో పుట్టిన సంస్థ. సరిగ్గా నూరేళ్ళు నిండిన ఏడాదే మన విద్యార్థులకు ఈ అవమానం జరగాలా? పైగా ఈ పోటీలకు వయోపరిమితి ఉంది, రెండేళ్ళకోసారి వస్తాయి. ఇప్పుడు ఆగిపోయిన పిల్లల్లో 2027లో దక్షిణ కొరియాలోని చుంగ్‌చియాంగ్‌కు వెళ్ళడానికి అర్హత ఎందరికి మిగులుతుందో ఆ అధికారులు ఒక్క నిమిషమైనా ఆలోచించారా?

ఇవి చిన్న పోటీలు, కాలేజీ పిల్లల ఆటలు అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. 1959లో ఇటలీలోని టురిన్‌లో మొదలైన క్రీడలివి. కరోనా వల్ల ఆలస్యమై 2023లో చైనాలోని చెంగ్డూలో జరిగినప్పుడు మనకు 26 పతకాలు వచ్చాయి, అందులో 11 స్వర్ణాలు. మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి, జాతీయ రికార్డు తిరగరాసి కాంస్యం గెలిచింది అక్కడే. సెక్యూరిటీ గార్డు కూతురు, మన నాగార్జున విశ్వవిద్యాలయం విద్యార్థిని. ఆ పరుగుకు ముందు ఎవరో ఆమె పేరు ఇవ్వడం మరిచిపోయి ఉంటే? తలుచుకుంటేనే కడుపు రగిలిపోతోంది. ఈసారి మొత్తం మీద వచ్చినవి 12 పతకాలు, 2 స్వర్ణాలు. పురుషుల 4×100 రిలేలో కాంస్యం గెలిచిన నలుగురిలో మన దొండపాటి జయరాం కూడా ఉన్నాడు. ఆ సంగతి మన జిల్లాల్లో ఎంతమందికి తెలుసు? క్రికెట్‌కు పేజీలు కేటాయించే పత్రికలు (మీది కూడా, మన్నించాలి) ఈ పిల్లలకు మూలన నాలుగు వాక్యాలతో సరిపెట్టాయి.

నేను డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ జబ్బు ఢిల్లీలో మొదలైంది కాదని నాకు తెలుసు. ఇంటర్ యూనివర్సిటీ పోటీలకు ఎంట్రీలు గడువు దాటాక పంపిన సందర్భాలు చూశాను. టికెట్లకు డబ్బు మంజూరు కాక, పిల్లలు రిజర్వేషన్ లేని బోగీలో రాత్రంతా నిలబడి వెళ్ళి, పొద్దున్నే కబడ్డీ ఆడడం చూశాను. తిరిగి వచ్చాక హాజరు తక్కువైందని పరీక్ష ఫీజు కట్టించుకోకపోతే ఆఫీసు గుమాస్తా బల్ల ముందు నిలబడి బతిమాలాను. ఫిజికల్ డైరెక్టరు రిటైరైతే ఆ పోస్టు నింపరు, లెక్చరర్లలో ఎవరికో ఒకరికి అదనపు బాధ్యత అప్పగిస్తారు. గ్రౌండు ఉన్నచోట కొత్త బ్లాకు కడతారు. ఇంత జరిగినా పిల్లలు ఆడుతున్నారంటే అది వాళ్ళ పట్టుదల, వాళ్ళ తల్లిదండ్రుల అప్పులు.

కాబట్టి ఆ సంఘాన్నీ, కేంద్ర క్రీడల శాఖనూ అడుగుతున్నాను. విచారణ నివేదిక బయటపెట్టండి. పేర్లు ఇవ్వని అధికారులు ఇకపై ఏ జట్టు వెంటా వెళ్ళకూడదు. ఆడలేకపోయిన ఆరుగురికీ లిఖితపూర్వకంగా క్షమాపణ చెప్పండి, వాళ్ళు పెట్టుకున్న ఖర్చు ఏదైనా ఉంటే తిరిగి ఇవ్వండి. చుంగ్‌చియాంగ్‌కు వెళ్ళే జట్లలో ప్రతి క్రీడాకారుడికీ తన పేరు నమోదైన కాగితం నకలు పోటీకి ముందే చేతికి ఇవ్వండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జిరాక్సు చాలు.

ఇట్లు,
విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
గుంటూరు