సహాయ మంత్రి జెన్నీ లీ

అమ్మలూ,

నిన్ను డిస్టెన్స్ స్టడీ సెంటర్‌కి మార్చారని ఎంత కష్టపెట్టుకున్నావో నిన్న ఫోన్లో నీ గొంతే చెప్పింది. "రెగ్యులర్ క్లాసులు లాగేసుకుని ఆదివారం డ్యూటీ అంటగట్టారమ్మా" అన్నావు. అయ్యుండొచ్చు. ఎవరిని ఎక్కడ వెయ్యాలో వాళ్ల లెక్కలు వాళ్లకుంటాయి, వాటి జోలికి నేను పోను. కానీ ఆ తర్వాత "ఆ డిగ్రీలకి విలువేముంది" అన్నావు చూడు, దానికి మాత్రం జవాబు చెప్పాలనిపించింది. ఫోన్లో అయితే మధ్యలో అడ్డం పడతావు. అందుకే కాగితం మీద పెడుతున్నా.

జెన్నీ లీ అని బ్రిటన్‌లో ఒకావిడ, అక్కడి ఓపెన్ యూనివర్సిటీని పట్టుబట్టి పెట్టించిన మనిషి. స్కాట్లాండ్‌లో బొగ్గుగనులుండే ఫైఫ్ ప్రాంతం, లాక్‌గెల్లీ అనే ఊరు. 1904లో పుట్టింది. నాన్న గని కార్మికుడు, తాత కార్మిక సంఘం మనిషి. బయటివాళ్ల సాయంతో ఎడిన్‌బరో యూనివర్సిటీలో చదివింది, లా కూడా పూర్తి చేసింది, చివరికి బళ్లో టీచరమ్మగా చేరింది. 1929 ఫిబ్రవరిలో నార్త్ లానార్క్ ఉపఎన్నికలో నిలబడి గెలిచింది. అప్పటికి ఆవిడ వయసు 24. తమాషా ఏంటంటే, ముప్ఫై ఏళ్లలోపు ఆడవాళ్లకి ఓటు హక్కు ఇస్తూ ముందు ఏడాదే చట్టం చేశారు గానీ కొత్త ఓటర్ల జాబితా ఇంకా అమల్లోకి రాలేదు. అంటే పార్లమెంటుకి పోటీ చెయ్యొచ్చు, ఓటు మాత్రం వెయ్యలేదు! సభలో మొదటి ప్రసంగంలోనే ఆర్థిక మంత్రి చర్చిల్ బడ్జెట్‌ని దుమ్ము దులిపింది.

1931లో ఓడిపోయింది. మళ్లీ గెలిచింది 1945లోనే, కానక్ నుంచి. ఈ మధ్యలో 1934లో అన్యూరిన్ బెవన్‌ని పెళ్లి చేసుకుంది. 1948లో జాతీయ ఆరోగ్య సేవని నిలబెట్టిన బెవనే. ఆ తర్వాత చాలా ఏళ్లు లోకానికి ఆవిడ బెవన్ భార్య, అంతే. 1960లో ఆయన పోయారు.

1964లో హెరాల్డ్ విల్సన్ ప్రధాని అయ్యాక ఆవిడకి మొదటిసారి ప్రభుత్వంలో పదవి వచ్చింది. అరవయ్యో ఏట! అదీ భవనాలు, నిర్మాణ పనుల శాఖలో చిన్న పదవి, దాంతోపాటు కళల బాధ్యత. మరుసటి ఏడాది విద్యాశాఖకి మారింది, అక్కడా కింది మెట్టే. కేబినెట్‌లోకి ఎప్పుడూ రాలేదు. కళలకి ప్రభుత్వం ఇచ్చే సొమ్ముని తన హయాంలో దాదాపు మూడింతలు చేయించింది. అది పెద్ద కథే గానీ ఇప్పుడు మనకి అక్కర్లేదు.

మనకి కావలసింది ఓపెన్ యూనివర్సిటీ. రేడియో, టీవీల ద్వారా యూనివర్సిటీ చదువు చెప్పాలన్నది విల్సన్ 1963లో గ్లాస్గో ప్రసంగంలో చెప్పిన ఆలోచన. 1965లో ఆ పని జెన్నీ చేతిలో పెట్టాడు. ఆవిడ పైమంత్రి ఆంథనీ క్రాస్‌లాండ్‌కి దీని మీద పెద్దగా ఆసక్తి లేదు, ఖజానా వాళ్లకి అసలే లేదు. వయోజన విద్యలో ఉన్నవాళ్లేమో ఆ డబ్బేదో మాకే ఇవ్వొచ్చు కదా అన్నారు. ప్రతిపక్షమైన కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు ఇయన్ మెక్లాడ్ ఇదంతా శుద్ధ అర్థంలేని వ్యవహారమని తీసిపారేశాడు. ఆవిడ ఎవరి మాటా వినలేదు. దీనికోసం వేసిన కమిటీకి తనే అధ్యక్షురాలైంది. అడ్డొచ్చినప్పుడల్లా నేరుగా విల్సన్ దగ్గరికే వెళ్లేది. పైమంత్రిని దాటి వెళ్లే సహాయ మంత్రి అంటే ఎవరికి నచ్చుతుంది? మొండిది, పెత్తనం ఎక్కువ అనేవాళ్లు. నిజమే అనుకుంటా.

ఆ మొండితనమంతా రెండు షరతుల మీద. చేరడానికి పాత సర్టిఫికెట్లు అడగకూడదు. బయటికొచ్చేటప్పుడు ఇచ్చే డిగ్రీ మాత్రం ఏ యూనివర్సిటీ డిగ్రీకీ తీసిపోకూడదు. పేదవాళ్లకి ఏదో ఒకటి చాల్లే అన్న ధోరణి ఆవిడకి ఒళ్లుమంట. 1966లో శ్వేతపత్రం వచ్చింది, 1969లో రాజ ముద్రతో చార్టర్ వచ్చింది. 1970 జూన్ ఎన్నికల్లో విల్సన్ ప్రభుత్వం ఓడిపోయింది, పాతికేళ్లు గెలిపించిన కానక్‌లో ఆవిడా ఓడిపోయింది. కొత్తగా వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వం ఓపెన్ యూనివర్సిటీని మొత్తానికే ఎత్తేస్తుందనుకున్నారు. విద్యామంత్రిగా వచ్చిన మార్గరెట్ థాచర్ ఎత్తెయ్యలేదు. థాచర్ గురించి నాకు మంచి అభిప్రాయం లేకపోయినా ఈ ఒక్కటీ ఒప్పుకోవాలి. 1971 జనవరిలో సుమారు 24 వేల మందితో చదువు మొదలైంది.

అది చూసే 1982లో హైదరాబాద్‌లో మన ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశంలో అదే మొదటిది. అప్పుడు భవనం వెంకట్రామిరెడ్డి ముఖ్యమంత్రి, జి. రామ్‌రెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్. 1991లో అంబేడ్కర్ పేరు పెట్టారు.

అందులోనే కదా నేను చదివింది. పదోతరగతితో పెళ్లి చేసేస్తే, ఎలిజిబిలిటీ టెస్ట్ రాసి బీఏలో చేరాను. ఆదివారం ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కాంటాక్ట్ క్లాసులు. నా పక్కన ఒక కండక్టర్ కూర్చునేవాడు, నైట్ డ్యూటీ దిగి యూనిఫాంతోనే వచ్చేవాడు. నాన్న నిన్నెత్తుకుని బయట వేపచెట్టు కింద తిరిగేవారు. ఒకాయన పొలిటికల్ సైన్స్ చెప్పేవారు. రెగ్యులర్ వాళ్లకి చెప్పిన నోట్సే మాకూ చెప్పేవారు, ఒక్క ముక్క తగ్గించేవారు కాదు. "మీకు ఇంత చాలు" అనే లెక్చరర్లు కూడా ఉన్నారు. వాళ్ల క్లాసుకి మేం వెళ్లేవాళ్లం కాదు, బస్ ఛార్జీ దండగ.

కాబట్టి విలువేముందని ఇంకోసారి అనకు, ముఖ్యంగా వాళ్ల ముందు. పొద్దున్నుంచి ఇంటిపని చేసుకుని వచ్చేవాళ్లకి ఆ మాట నీ ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. మొదటి క్లాసుకి ఎంతమంది వచ్చారో, ఏం అడిగారో రాయి. పన్నెండింటికల్లా వదిలేస్తే ఊళ్ల బస్సులు దొరుకుతాయో లేదో అది కూడా కనుక్కో. మా టైంలో దానికే సగం మంది మానేశారు.

అమ్మ