షరాకు బొమ్మలు చూడబోయే ముందు

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

ఆదివారం ఉయెనోలో టోక్యో జాతీయ మ్యూజియంకి వెళ్తున్నానన్నావు కదా. అక్కడ పాతకాలపు జపాన్ చిత్రకారుడు షరాకు అచ్చుబొమ్మ ఒక్కటి గోడ మీద ఉన్నా చాలు, నిలబడి చూడు. వెలుతురుకి రంగులు వెలిసిపోతాయని ఆ అచ్చుల్ని కొన్నాళ్లే బయట ఉంచి మళ్లీ లోపల పెట్టేస్తారు. కనబడితే అదృష్టమే.

1794లో, అప్పటికి ఎడో అనే పేరున్న, నువ్విప్పుడుంటున్న టోక్యోలోనే, త్సుతాయ జూజాబురో అనే ప్రచురణకర్త ఎవరూ పేరు వినని ఈ చిత్రకారుడి చేత 28 బొమ్మలు వేయించి ఒక్కసారే అమ్మకానికి పెట్టాడు. అన్నీ అప్పుడు ఆడుతున్న కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లోని నటుల ముఖాలు.

ఒతాని ఒనిజి అనే నటుణ్ణి ఎడోబెయి వేషంలో గీసిన బొమ్మ నువ్వు చూసే ఉంటావు. డబ్బు లాక్కోవడానికి ఎదుటివాడి మీద పడబోతున్న సేవకుడు. ఈసారి ముఖం వదిలేసి చేతులు చూడు. వేళ్లన్నీ విడదీసి, బట్టల్లోంచి ముందుకు తోసుకొచ్చిన ఆ చేతులు తలకి సరిపోవు, మరీ చిన్నవి. కొలత ప్రకారం తప్పే. కానీ వాడిలోని ఆత్రమంతా ఆ వేళ్లలోనే ఉంది.

1629లో ఆడవాళ్లు కబుకి ఆడకూడదని ప్రభుత్వం నిషేధించింది. మన కూచిపూడి సత్యభామ లాగే అక్కడా ఆడవేషాలు మగవాళ్లే కట్టారు. మిగతా చిత్రకారుల్లో చాలామంది వాళ్లని అచ్చం అందగత్తెల్లాగే గీసేవారు. షరాకు మాత్రం సెగావా తొమిసాబురో అనే నటుణ్ణి యదొరిగి అనే ఆడవేషంలో గీస్తూ ఆ ఎముకలు తేలిన మగ ముఖాన్ని దాచలేదు. వేషమూ కనబడుతుంది, వేషం కట్టినవాడూ కనబడతాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ ఇదే. ఎగతాళిగా గీశాడని కొందరంటారు, నేనొప్పుకోను. ఎగతాళి చేసేవాడికి కంటి గీత మీద అంత శ్రద్ధ ఉండదు.

జనానికి నచ్చలేదేమో. మరీ ఉన్నదున్నట్టు గీయబోయి ఎక్కువ కాలం నిలవలేకపోయాడని ఆ కాలపు రచయిత ఓతా నంపో రాశాడు. పది నెలల్లో 140 పైచిలుకు బొమ్మలు వేసి, 1795 మొదట్లో షరాకు కనుమరుగైపోయాడు.

ఇంకో సంగతి. అతను గీసింది కాగితం మీద గీతలే. వాటిని చెర్రీ చెక్క మీద చెక్కింది ఒకరు, రంగుకో దిమ్మె పెట్టి అచ్చు వేసింది మరొకరు. నుదుటి దగ్గర వెంట్రుకలు ఎంత సన్నగా విడివిడిగా ఉన్నాయో గమనించు. చెక్కలో అంత సన్నటి గీత నిలబెట్టాలంటే చుట్టూ ఉన్నదంతా తొలిచేయాలి. బొమ్మ మీద షరాకు సంతకముంది, త్సుతాయ గుర్తుంది, చెక్కినవాడి పేరు లేదు. నాకది బాధగా ఉంటుంది.

వెనకాల నల్లగా కనిపించేది ఉత్త రంగు కాదు, అభ్రకం పొడి కలిపారు. గూడూరు పిల్లవి, అభ్రకం గురించి నీకు చెప్పాలా! పుస్తకాల్లో అది మామూలు బూడిద రంగులా పడుతుంది. నువ్వు ఒక అడుగు పక్కకి జరిగి, కాస్త వంగి చూడు, తళుక్కుమంటుంది.

చూశాక తొమిసాబురో ముఖం గురించి నీకేమనిపించిందో రాయి. నాతో ఒప్పుకోకపోయినా సరే, ఎందుకో వివరంగా రాయి.

నాన్న